నాలుగు గంటల అపరిచితురాలు

పొద్దున్నే పళ్లు తోముకుంటూ అద్దంలో వార్తలు చదువుకోవడం 2079 నాటికి విశాఖపట్నంలో అందరికీ ఉన్న అలవాటే. అద్దం కింది అంచున ఇల్లు కూడా తన క్షేమసమాచారం చెప్పుకుంటుంది. ‘నిన్న అపరిచితులెవరూ రాలేదు. మీ ఇల్లు సురక్షితం’ అని పచ్చటి అక్షరాల్లో. దాన్ని ఎవరూ చదవరు.

డాక్టర్ తన్మయి మాత్రం చదివేది. ఆ వాక్యం రాసింది ఆవిడే మరి. పైగా అరవై నాలుగేళ్ల ఆ మనిషిని ఆ ఇంట్లో రోజూ పలకరించే మొదటి మాట అదే. కొన్ని రోజుల్లో చివరి మాట కూడా అదే.

ఆ మంగళవారం అక్షరాలు ఎర్రగా ఉన్నాయి.

‘సాయంత్రం నాలుగు గంటల వేళ ఒక అపరిచితురాలు మన ఇంటికి వస్తోంది. నెల రోజుల్లో పద్దెనిమిది సార్లు వచ్చింది. నిన్నటితో నిర్ధారణ అయింది. వచ్చిన ప్రతిసారీ మన వైర్‌లెస్ నెట్‌వర్క్‌ని వాడబోయింది. అడ్డుకున్నాను.’

నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది. ఇంట్లో దొంగ అంటే ఎవరికైనా ముందు భయం వేస్తుంది. తన్మయికి ముందు పరువు పోయినట్టనిపించింది. తాళాలు చేసేవాడి ఇంట్లోనే దొంగ పడితే ఊళ్లో తలెత్తుకోవడం ఎలా?

ఆ తాళం సంగతి కాస్త చెప్పుకోవాలి. వెనకటికి ఇళ్లలో వైర్‌లెస్ నెట్‌వర్క్‌కి పాస్‌వర్డ్ అని ఒకటుండేది. మరిచిపోతామని దాన్ని ఫ్రిజ్ మీద రాసి అంటించేవాళ్లు. పెళ్లిరోజో, పిల్లాడి ముద్దుపేరో పెట్టేవాళ్లు. అది పక్కింటికీ తెలుసు, ఎదురింటికీ తెలుసు. రౌటర్ డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్‌ని పదేళ్లపాటు మార్చని మహానుభావులూ ఉన్నారు. తలుపులు, స్టౌలు, మందులపెట్టెలు, బ్యాంకులు అన్నీ ఆ నెట్‌వర్క్ మీదే నడవడం మొదలయ్యాక దొంగలకి గోడ దూకే శ్రమ తప్పింది. వేలిముద్రలు పెట్టి చూశారు. ముఖాలు, గొంతులు పెట్టి చూశారు. అన్నిటికీ నకళ్లు పుట్టుకొచ్చాయి.

అప్పుడు తన్మయి కనిపెట్టింది నాడీతాళం. ఇంటినిండా పరుచుకుని ఉండే వైర్‌లెస్ తరంగాలకి మన ఒళ్లు అడ్డం. గుండె కొట్టుకున్నప్పుడల్లా రొమ్ము వెంట్రుకవాసి కదులుతుంది; ఆ కదలిక తగిలి తరంగం రవ్వంత చెదురుతుంది. ఊపిరి లయ, రక్తం పరుగు, నడక తూగు అన్నీ ఆ చెదరడంలో కలిసి ఒక ముద్ర పడుతుంది. దానికి ఆవిడ నాడీముద్ర అని పేరు పెట్టింది. గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. మనిషి ఇంట్లో ఉంటే చాలు, ఇల్లు గుర్తుపడుతుంది. యజమాని ఏం చెప్పినా వింటుంది, అతిథికి దీపాలూ ఫ్యానుల వరకు మర్యాద చేస్తుంది, అపరిచితులకి అసలు పలకదు. ఈ పనంతా చూసే యంత్రాన్ని కాపలా అంటారు.

ఒక్కటే షరతు. కొత్తగా తాళం పెట్టుకున్నవాళ్లు మండలం రోజులు, అంటే నలభై రోజులు, ఇంట్లో ఒంటరిగా ఉండాలి. ఇంట్లో నలుగురుంటే వంతులు వేసుకుని ఒక గదిలో తలుపేసుకుని కూర్చోవాలి. పక్కవాళ్ల నాడి కలిస్తే ముద్ర కలుషితమవుతుందని తన్మయి పట్టుబట్టి పెట్టిన నియమం అది. జనం దాన్ని దీక్ష అనేవాళ్లు, నల్లబట్టలొక్కటే తక్కువ అని నవ్వుకునేవాళ్లు. దీక్ష నడిచినన్నాళ్లూ తాళానికి గుట్టు తెలియదు, చూసింది చూసినట్టు పైకే చెప్పేస్తుంది. దీక్ష ముగిశాక ఏం చెప్పినా యజమాని చెవిలోనే.

తన్మయి దీక్ష చేసి ఐదేళ్లయింది. భర్త శ్రీకర్ పోయిన మరుసటి నెల, భీమిలి తీరంలో ఈ ముప్పై ఒకటో అంతస్తుకి మారినప్పుడు. ఆ నలభై రోజులూ ఆవిడకి కష్టమనిపించలేదు. ఎవరినీ రానివ్వకుండా ఉండటానికి ఒక మంచి వంక దొరికింది. నలభై ఒకటో రోజు కూడా ఎవరూ రాలేదు.

ఇప్పుడు నాడీతాళం నలభై లక్షల ఇళ్లలో ఉంది. నెలాఖరుకి దేశంలో ప్రతి ఇంటికీ దాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు రాబోతోంది. ఇంతవరకు ఒక్క తాళాన్నీ ఎవరూ ఛేదించలేదని ఆవిడ సంతకం పెట్టివ్వాలి. ఛేదిస్తే మాత్రం ముప్పై ఏళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే.

"కాపలా," అంది తన్మయి నోరు పుక్కిలించుకుని. "అది ఇంట్లో ఉన్నప్పుడే నా చెవిలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పే వీలు లేకపోయింది, తన్మయి గారూ."

అంటే ఆ దొంగ సిగ్నల్ కూడా నొక్కేస్తోందన్నమాట.

"ఎలాంటి మనిషి?"

"నలభై దాటని గుండె. ఊపిరి బలంగా ఉంది. మన జాబితాలో ఎవరితోనూ సరిపోలలేదు."

"ఆ వేళ ఇంట్లో ఎవరున్నారు?"

"అతిథి ఒకరు. మైలపల్లి నూకరత్నం."

నూకరత్నానిది అదే భవనంలో తొమ్మిదో అంతస్తు. తన్మయి కంటే రెండేళ్లు చిన్న. పొద్దున్నే పడవెక్కి సముద్రంలో నాచు తోటల్లో పనికి పోయి మూడింటికల్లా తిరిగొస్తుంది. ఉన్న ఒక్క కూతురూ పారాదీప్ తోటల్లో పనిచేస్తోంది. మూడు నెలల కిందట ఓ తడి వల భుజాన వేసుకుని తన్మయి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరమ్మా, నాకాడ గాలాడదు. మీ బాల్కనీలో గాలి ఊరికే పోతన్నాది. కాసింత నా వలకిస్తే ఏటి పోద్ది?"

వల ఆరేలోగా ఊరికే కూర్చోలేక, సంచిలోంచి సుద్దముక్క తీసి గచ్చు మీద పులిజూదం గీసింది. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. మేకని దాటి దూకితే పులి దాన్ని తిన్నట్టు. తన్మయికి ఆట రాదు. నెలలో వచ్చేసింది.

రత్నంది దొంగాట. తన్మయి తల తిప్పితే చాలు, చచ్చిన మేక లేచొచ్చి పులి పక్కన కూర్చునేది.

"దొంగమొహమా! ఆ పిక్క చచ్చిపోయింది కదే!"

"సచ్చీసిందా? సూడు, నిక్షేపంలాగున్నాది."

అంత పెద్ద గొంతు తనకుందని తన్మయికి అప్పుడే తెలిసింది. గంటసేపు ఇద్దరూ చిన్నపిల్లల్లా కొట్టుకునేవాళ్లు. నెల రోజులుగా ఆ వేళకి స్టౌ మొండికేసేది, వెలగమంటే వెలిగేది కాదు. పాతబడిందిలే అనుకుని తన్మయి ఊరుకుంది. రత్నమే ఫ్లాస్కులో టీ తెచ్చేది. వల ఎప్పుడో ఆరింది, కిందికి వెళ్లిపోయింది కూడా. రత్నం రావడం మాత్రం మానలేదు.

ఆ రత్నం వచ్చినప్పుడే దొంగ కూడా వస్తోంది.

సంస్థలో తాళాల భద్రత చూసే ఋత్విజ్‌కి తన్మయి ఫోన్ చేసింది. గోడ మీద అతని ముఖం వెలిగింది. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"మేడమ్, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ సంచిలో ఏదైనా పరికరం పెట్టి పంపుతున్నారేమో. దొంగముద్రని పుట్టించే యంత్రం లాంటిది. మీరు యజమాని వరస కూడా తెరిచి పంపితే ఒకసారి చూస్తాను."

నివేదికలో యజమాని వరస, అంటే యజమాని ఇంట్లో ఎప్పుడున్నారో ఎప్పుడు లేరో రాసుండే పట్టీ, పైకి కనపడదు. మొదట్లో కనపడేది. నేనెక్కడున్నానో నాకు తెలీదా అని జనం విసుక్కుంటే తన్మయే దాన్ని దాచేసింది.

"నేను ఇల్లు కదలను ఋత్విజ్. నా వరసలో ఏముంటుంది?"

అనుమానం పెనుభూతం. మర్నాడు నాలుగింటికి రత్నం వచ్చి, సంచి బాల్కనీలో పెట్టి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లగానే తన్మయి ఆ సంచి విప్పింది. చింతపిక్కల మూట. సుద్దముక్క. ఫ్లాస్కు. మోకాళ్ల నొప్పులకి రాసుకునే తైలం. అడుగున ఒక డబ్బా కనపడితే మూత తీసింది. నువ్వుజీళ్లు. తిని ఎన్నేళ్లయిందో అని మొన్న తన్మయే అంది.

"జీళ్లకేటి దొంగతనం? అడిగితే పెట్టనేటి?" రత్నం గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

"రత్నం, నిజం చెప్పు. నా ఇంట్లోకి ఎవర్ని తెస్తున్నావు?"

"దొరికిపోనాను. పులిని తెస్తన్నాను."

"నేను ఆడటం లేదు. దొంగవి నువ్వేనా?"

రోజూ పదిసార్లు వినే మాటే. ఈసారి మాత్రం రత్నానికి సూటిగా తగిలింది. తడి చేతులు చెంగుకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"మూడు నెల్లు మీ గచ్చు మీద కూకున్నాను. మీ ఇంట్లో సూది ముట్టుకోలేదు," అంది.

మీ ఇల్లు అంది. ఆటలో పడ్డాక ఆవిడ తన్మయిని నువ్వనే అనేది. ఫ్లాస్కు ఒక్కటి తీసుకుని, పిక్కలూ జీళ్లూ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ నడక చూస్తే తన్మయికి తను తప్పు చేశానేమో అనిపించింది. అనిపించినా వెనక్కి పిలవలేదు. నలభై లక్షల ఇళ్లు గుర్తొచ్చాయి.

"కాపలా, అతిథుల జాబితాలోంచి నూకరత్నం పేరు తీసేయి."

"తీసేశాను. జాబితా ఖాళీ అయింది."

మర్నాడు అద్దంలో అక్షరాలు పచ్చగా ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే.

రెండు వారాలు గడిచాయి. దొంగ మళ్లీ రాలేదు. స్టౌ కూడా దానంతటదే బాగుపడింది, నాలుగింటికి అడగ్గానే వెలిగింది. తన్మయి అలవాటున రెండు కప్పుల నీళ్లు పోసి, ఒక కప్పు పారబోసేది. గచ్చు మీద సుద్దగీతలు తుడవబుద్ధి కాలేదు. సముద్రం మీదినుంచి వచ్చే గాలి రోజుకి కొంచెం చొప్పున వాటిని తుడుచుకుపోతోంది. రత్నం మీద బెంగ పెట్టుకున్నానని ఒప్పుకోవడం ఆవిడకి నామోషీ. కానీ అది బెంగే. శ్రీకర్ పోయినప్పుడు ఇల్లు ఖాళీ అయింది; ఇప్పుడు ఆ ఖాళీ మళ్లీ మొదటినుంచి మొదలైనట్టుంది.

నెలాఖరున సంతకం కోసం ఋత్విజ్ గోడ మీదికి వచ్చాడు.

"చూశారా మేడమ్? వచ్చేవాళ్లని జాబితాలోంచి తీసేస్తే చొరబాటు ఆగిపోతుంది. మిగతా ఇళ్లలో కూడా అంతే."

"మిగతా ఇళ్లేమిటి?"

"ఇలాంటి ఫిర్యాదులు పదకొండు వేల పైచిలుకు వచ్చాయి. అన్నీ పరిష్కారమైపోయాయి కదా అని మీ దాకా తేలేదు. ఒకే సలహా ఇచ్చాం, నూటికి నూరూ ఆగిపోయాయి."

"దొంగలు దొరికారా?"

"ఒక్కరూ దొరకలేదు."

"ఏం పోయాయి?"

"ఏమీ పోలేదు. అదే విచిత్రం."

"ఆ ఇళ్లలో ఎంతమంది ఉంటారు?"

ఋత్విజ్ లెక్క చూశాడు. "ఒక్కొక్కరే మేడమ్. దాదాపు అన్నిట్లోనూ."

ఏ దొంగా ఏమీ ఎత్తుకుపోని పదకొండు వేల ఇళ్లు. "కాపలా," అని పిలిచింది తన్మయి. "దొంగ వచ్చిన రోజుల్లో నా వరస చదువు. గోడకి వినపడేలా."

"నాలుగు గంటల ఐదు నిమిషాలు. యజమానురాలు ఇంట్లో లేరు. అపరిచితురాలు వచ్చింది. నాలుగు గంటల యాభై ఏడు నిమిషాలు. అపరిచితురాలు వెళ్లిపోయింది. యజమానురాలు వచ్చారు. పద్దెనిమిది రోజులూ ఇదే వరస."

"నేను ఎక్కడికి వెళ్లాను?"

"అది నాకూ అర్థం కాలేదు. తలుపు తెరుచుకోలేదు. మీకు చెబుదామంటే ఆ వేళ మీరు లేరు."

బాల్కనీలో గాలి వీస్తోంది. తన్మయి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

తాళాన్ని ఎవరూ ఛేదించలేదు. అది తనకి నేర్పినట్టే నడుచుకుంది. నలభై రోజులు ఎవరితోనూ మాట్లాడని, నవ్వని, గొంతెత్తని ఒక ఆడమనిషిని చూపించి, ఇదే తన్మయి, గుర్తుపెట్టుకో అని ఆవిడే చెప్పింది. తరవాత ఐదేళ్లూ అదే తన్మయి కనపడింది. ఈమధ్య గచ్చు మీద కూర్చుని చింతపిక్క కోసం అరిచి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్విన మనిషెవరో దానికేం తెలుసు? నలభై దాటని గుండె అంది పాపం. స్టౌ వెలిగించమంటే ససేమిరా అంది. పరాయిది కదా మరి.

"ఋత్విజ్," అంది ఎట్టకేలకు. "ఆ పదకొండు వేల మందీ ఎవర్ని జాబితాలోంచి తీసేశారో తెలుసా?"

గోడ మీద ముఖం పాలిపోయింది. అతనికీ అర్థమైంది. "మేడమ్, నిరుడు మా ఇంట్లో కూడా ఒక చొరబాటు వచ్చింది," అన్నాడు నెమ్మదిగా. "ఆదివారాలు నాతో వంట చేయడానికి ఒక స్నేహితుడు వచ్చేవాడు. నేను వాణ్ణి రావద్దన్నాను."

"ఫోన్ చెయ్యి వాడికి. సంతకం సంగతి మరిచిపో, నేను పెట్టను. ఉత్తర్వు ఆపమని రేపు నేనే రాస్తాను."

గోడ ఆరిపోయింది. ముప్పై ఏళ్ల పని ఒక్క మాటతో పోగొట్టుకున్నందుకు ఏడుపు రావాలి. రాలేదు. వేరే దానికి వచ్చింది.

"కాపలా, ఆ అపరిచితురాలి ముద్ర నా ముద్రలో కలుపు."

"కలపాలంటే ఆమె ఇంట్లో ఉండాలి. పిలవండి."

తన్మయి బాల్కనీలోకి వెళ్లి, చెరిగిన గీతల మీద మళ్లీ సుద్ద దిద్దింది. రత్నం మూట విప్పి పిక్కలు పరిచింది. తనే పులి, తనే మేక. ఒక పిక్కని చంపి, తల అటు తిప్పి, మళ్లీ దాన్నే తెచ్చి పెట్టింది. "దొంగమొహమా," అని పైకి అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఇంట్లో మీరు తప్ప ఎవరూ లేరు," అంది కాపలా. "మీ ఇల్లు సురక్షితం."

ఆవిడ లేచింది. పిక్కలూ రాళ్లూ మూటకట్టి, సుద్దముక్క పిడికిట్లో పెట్టుకుని లిఫ్ట్‌లో తొమ్మిదో అంతస్తుకి దిగింది.

రత్నం తలుపు మీద కొత్త తాళం నీలంగా మెరుస్తోంది. తన్మయి నమ్మలేకపోయింది. నా ఇంట్లో ఎత్తుకుపోడానికేటున్నాది, వల తప్ప, అని తాళాలంటేనే నవ్వే మనిషి. తలుపు మీద అక్షరాలు కూడా తన్మయి రాసినవే: ‘దీక్ష నడుస్తోంది. పన్నెండో రోజు. దయచేసి తలుపు తట్టకండి.’

పన్నెండు రోజులుగా రత్నం లోపల ఒంటరిగా కూర్చుంది. ఇంకో ఇరవై ఎనిమిది రోజులు పోతే, దొంగ అనిపించుకుని కుమిలిపోతున్న ఈ రత్నమే ఆ ఇంటికి అసలు రత్నం అవుతుంది. పిక్కలు దొంగిలించే రత్నానికి సొంతింట్లో స్టౌ కూడా వెలగదు.

తన్మయి తలుపు తట్టింది.

"దీక్షకి భంగం కలుగుతుంది," అంది తాళం లోపలినుంచి. "ముద్ర చెడిపోతుంది."

"చెడిపోనీ," అని తన్మయి దబదబా బాదింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. రత్నం ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏటి డాక్టరమ్మగారూ? మల్లీ ఏటైనా పోనాదేటి?"

"ఈ తాళం ఎందుకు పెట్టించావు రత్నం?"

"దొంగన్నాక మరేటి సెయ్యమంటారు? రేపు ఇంకోలొచ్చి ఏటో పోయిందంటే, నాను ఇంట్లోనే ఉన్నానని ఈ యంతరమైనా సెప్తాది గదా."

"తప్పు నాది," అంది తన్మయి. "నిన్ను అనరాని మాట అన్నాను. ఈ పదిహేను రోజులూ నాకు ముద్ద దిగలేదు. దొంగ దొరికింది రత్నం. నీకు చూపిద్దామని తీసుకొచ్చాను."

రత్నం తల బయటపెట్టి వరండా అటూ ఇటూ చూసింది. "ఏదీ? ఎవులూ లేరు గదా."

"కాసేపట్లో వస్తుంది. ముందు ఆట గియ్యి."

రత్నం చాలాసేపు ఆ మూట వంక చూసింది. తరవాత తలుపు తీసి పక్కకి జరిగింది. సుద్దముక్క అందుకుని, ఏమీ మాట్లాడకుండా గచ్చు మీద గీతలు గీసింది. ఏమీ మాట్లాడకుండానే మేకల్ని తన్మయి వైపు జరిపి, పులుల్ని తను తీసుకుంది. పన్నెండు రోజుల్లో మాటలు మరిచిపోయినట్టుంది. దొంగాట కూడా ఆడలేదు. బుద్ధిగా పులుల్ని జరుపుతోంది. తన్మయికి అది చూస్తే దుఃఖం ముంచుకొచ్చింది.

రత్నం ఫ్లాస్కు కోసం అటు తిరిగింది. ఆ రెప్పపాటులో తన్మయి, పులి తినేసిన తన మేకని తీసి మళ్లీ గడిలో పెట్టేసింది.

రత్నం ఇటు తిరిగింది. చూసింది. వంగి మళ్లీ చూసింది.

"ఓలమ్మోలమ్మ! ఆ పిక్క సచ్చిపోనాది గదే!"

"సచ్చీసిందా?" అంది తన్మయి. "సూడు, నిక్షేపంలాగున్నాది."

రత్నం నోరు తెరిచి ఉండిపోయింది. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట కదిలింది, తరవాత ఇద్దరూ గచ్చు మీద చెరోవైపు ఒరిగిపోయి, ఊపిరందక, కళ్లు తుడుచుకుంటూ, ఒకరినొకరు దొంగమొహమా అని తిట్టుకున్నారు.

దీక్షలో ఉన్న తాళం కదా, దానికింకా గుట్టు తెలియదు.

"హెచ్చరిక," అంది పైకే. "ఇంట్లో ఇద్దరు అపరిచితురాళ్లున్నారు. అడ్డుకోమంటారా?"

మూడుసార్లు అడిగింది. జవాబు చెప్పాల్సిన యజమానురాలు ఆ వేళ ఇంట్లో లేరాయె.